పారసీ మామ్మ పదకొండు పాఠాలు

మొన్న చోడవరం బస్‌స్టాండు ఎదుట అనకాపల్లి ఆటో కోసం నిలబడ్డాను. రోడ్డుకి అవతల కొత్త బిర్యానీ హోటలుకి ఒక పెయింటరు బోర్డు రాస్తున్నాడు. తెలుగు వరస అయింది, ఇంగ్లీషు వరస అయింది. మూడో వరసకి నిచ్చెనని కుడి చివరకి లాక్కుని, అక్కడ మొదలుపెట్టి ఎడమవైపు రాసుకుంటూ వస్తున్నాడు. నా పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ ఒకాయన కిసుక్కున నవ్వాడు.

"ఇదేటమ్మా, ఎనక నించి రాస్తన్నాడు? పొద్దున్నే మందేసీసేడేటి?"

నాకు ఒళ్ళు మండింది. రోడ్డు దాటి వెళ్ళి, "బాబూ, మొదటి అక్షరం కింద చుక్క మర్చిపోయావు," అన్నాను. పెయింటరు చూసుకుని, నాలిక్కరుచుకుని చుక్క పెట్టాడు. "మీరు సాయిబులా అమ్మా?" అన్నాడు. "కాదు నాయనా, కిరస్తానీ పంతులమ్మని. రిటైరై చాలాకాలమైంది," అన్నాను. మరి ఇదెలా వచ్చమ్మా అని అతను అడుగుతుండగానే ఆటో వచ్చేసింది.

ఆటోలో కూర్చున్నాక చెవిలో ఒకటే అరుపు. "చుక్కేదే? చుక్కెక్కడ పారేసుకున్నావే గుంటా?" ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టుకోలేదు. పెయింటరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. రాస్తే పక్కన అత్తవారి ఇంటిపేరు కూడా రాయాలి. ఆ ఇంటిపేరుతో పిలిస్తే ఆవిడ పలికేది కాదు. పోస్టుమేన్ పిలిచినా సరే, "అలాంటివాళ్ళెవరూ ఈ ఇంట్లో లేరు," అని మొహం మీద తలుపేసేది. వీధంతా పారసీ మామ్మ అనేవారు. కొందరు భయంతో అనేవారు, కొందరు వెక్కిరింతగా అనేవారు. ఆవిడకి రెండూ ఒకటే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ట్రైనింగు ముగించుకుని చోడవరంలో ఆడపిల్లల ఎలిమెంటరీ స్కూల్లో చేరాను. మాది చీడికాడ వైపు పల్లెటూరు. రోజూ వెళ్ళి రావడం కుదరదు. గది కోసం తిరిగితే, పెళ్ళికాని పిల్లకి ఇవ్వమని కొందరు, కిరస్తానీలకి ఇవ్వమని కొందరు. నాన్న నా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నాతోపాటు వీధివీధీ తిరిగాడు. ఆఖరికి ఎవరో, "పారసీ మామ్మనడగండి, ఆవిడకి ఊరేటి, కులమేటి," అని నవ్వి దారి చూపించారు.

తలుపు తీసిన మనిషి పొట్టిగా, సన్నగా, తెల్లచీర ముసుగులో ఉంది. కళ్ళల్లో శుక్లాలు. ఏ వస్తువైనా ముక్కు దాకా తెచ్చుకుంటే గానీ కనిపించేది కాదు. నా కుడిచెయ్యి లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"రాసే చెయ్యేనా?"

"పంతులమ్మనండి."

"కళ్ళు బాగున్నాయా? సన్నక్షరాలు కనిపిస్తాయా?"

"కనిపిస్తాయండి."

"అయితే వీధి గది నీది. అద్దె నాకక్కర్లేదు. రోజూ సాయంత్రం నా దగ్గర పారసీ నేర్చుకోవాలి. మానీసేవో, ఆ రోజే పెట్టె బయట పెట్టిస్తాను."

నేను నాన్న మొహం చూశాను. నాన్న పెట్టె దించేశాడు. ఆయన మెడ నొప్పి ఆయనది.

అలాగని ఆవిడ మహాత్మురాలేం కాదు. మర్నాడే హద్దులు చెప్పేసింది. వంటింటి గడప తొక్కకూడదు. ఆవకాయ జాడీ వైపు చూడనైనా చూడకూడదు. నా మంచినీళ్ళ కుండ వేరు, ఆవిడది వేరు. "నీ వంట నీది, నా వంట నాది. పలకొక్కటే ఇద్దరిదీని," అంది. నాకు కోపం వచ్చింది. కానీ ఆ ఊళ్ళో నన్ను ఇంట్లోకి రానిచ్చింది ఆ ఒక్కావిడే, అదీ నిజమే.

పలకంటే మన రాతిపలక కాదు. మూరెడు వేపచెక్క. రోజూ దానికి సుద్దమట్టి పూసి ఆరబెట్టాలి. కలం రెల్లుపుల్లతో చెక్కాలి. శారదా నది గట్టు నుంచి ఎవరిచేతనైనా రెల్లు తెప్పించి, ఒక్కో పుల్లనీ గోటితో కొట్టి చప్పుడు వినేది. పది పుల్లల్లో తొమ్మిది పారేసేది. సిరా ఇంట్లోనే చేసేది, ఆముదం దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి. రాయడం, చదవడం అయ్యాక ఇత్తడి పళ్ళెంలో పలక కడిగి, ఆ నల్లనీళ్ళు వీధిలోకి విసిరేసేది. ఇది రోజూ జరగవలసిందే. నాకు జ్వరమొచ్చినా, బడికి ఇన్‌స్పెక్షను ఉన్నా సరే.

మొదటి రోజు నేను దడుచుకుంటుంటే, "ఏటే ఆ మొహం? నీకు సగం పారసీ వచ్చీసింది," అంది. "బజారు వచ్చా? రుమాలు వచ్చా? గుమస్తా, దర్జీ, దరఖాస్తు? ఇవన్నీ ఆ పర్షియా దేశం నించి వచ్చినవే. ఇన్నాళ్ళూ ఎవర్నడిగి వాడుకున్నావు?"

అక్షరాలు ఆ పెయింటరు రాసిన ఉర్దూవే గానీ, ఆవిడ చెప్పే పద్ధతి వేరు. ఒక్కో అక్షరానికీ ఒక గుణం పెట్టేది. "ఇది అలిఫ్. నిలువు గీత. తనకన్నా ముందొచ్చిన అక్షరంతో చెయ్యి కలుపుతుంది, తర్వాత వచ్చేదానికి చెయ్యివ్వదు. ఒంటిమనిషి. నాలాగే," అనేది. బేకి కింద ఒక చుక్క, పేకి కింద మూడు, తేకి పైన రెండు. చుక్క మర్చిపోతే రెల్లుకలంతో వేళ్ళ మీద ఒకటి పడేది. నేను జీతం తీసుకునే పంతులమ్మనని ఆవిడకి గుర్తుండేది కాదు. పొద్దున్న నేను కొట్టిన దెబ్బలన్నీ సాయంత్రానికి నాకు తిరిగొచ్చేవి.

వాక్యాల్లోకి వచ్చాక కాస్త తేలికైంది. మన తెలుగులాగే క్రియ ఆఖర్న వస్తుంది. పిదర్ ఆమద్, నాన్న వచ్చాడు. అస్ప్ దవీద్, గుర్రం పరిగెత్తింది. కబూతర్ పరీద్, పావురం ఎగిరింది. ఆవిడకి అన్నిటికన్నా నచ్చినది, ఆ భాషలో అతనికీ ఆమెకీ ఒకే మాట ఉండటం. "ఊ ఆమద్ అంటే వాడొచ్చేడూ అవుతుంది, అది వచ్చిందీ అవుతుంది. చూసేవా, ఆడా మగా అని అడగరు," అని చెప్పి, ఎవర్నో ఓడించినట్టు నేల మీద చెయ్యి చరిచేది.

కలం పట్టుకోవడంలో ఆవిడకి ఒక వింత ఉండేది. చూపుడువేలు మడిచేసి, నడిమివేలితో, ఉంగరంవేలితో పట్టుకునేది. చూపుడువేలు చివర చర్మం మెరుస్తూ, ముడుచుకుపోయి ఉండేది. చాలా రోజులకి అడిగాను.

"మా అత్తగారు వాత పెట్టింది," అంది, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినంత మామూలుగా. "కాపరానికెళ్ళిన కొత్తలో పొయ్యిలో బూడిద తీసి, నేల మీద పరిచి, వేలితో మా నాన్న చెప్పిన పాఠాలు రాసుకునేదాన్ని. మర్చిపోతానేమోనని భయం. ఆవిడ చూసింది. కుడి నించి ఎడమకి రాస్తన్నాను కదా, చిల్లంగి పెడతన్నానంది. అట్లకాడ కాల్చి పెట్టింది. అయితే ఏటి? ఇంకా తొమ్మిది వేళ్ళున్నాయి కదా."

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట ఆవిడ చెప్పిన ఏడాదే ఆ ఇంటి గుమ్మానికి మళ్ళీ వచ్చింది.

బెల్లం వండే రోజులవి. వీధి పొడుగునా బెల్లం బళ్ళు, ఊరంతా చెరుకుపాకం వాసన. ఎదురింటి అప్పలనర్సమ్మ మనవడికి జ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వణుకు. ఆకుపసర్లు పోశారు, తాయెత్తు కట్టారు, తగ్గలేదు. ఎవరో అన్నారట, ఆ ముసలమ్మ రోజూ అపసవ్యంగా రాతలు రాసి, కడిగిన నల్లనీళ్ళు మీ గుమ్మం వైపే విసురుతుంది కదా అని. అంతే. మా వైపు కుడి నుంచి ఎడమకి తిరిగేది చావు పనులకే. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

ఒక సాయంత్రం పాతికమంది దాకా వచ్చారు. ముందు వీధిపెద్ద పెద్దినాయుడు, చేతిలో కర్ర. వెనకాల అప్పలనర్సమ్మ, పిల్లణ్ణి భుజాన వేసుకుని.

"సూడమ్మా," అన్నాడు పెద్దినాయుడు. "ముసల్దానివని ఊరుకుంతన్నాం. ఆ పలకిచ్చీ. కాల్చీస్తాం. రేపట్నించి ఆ రాతలు మానీ. మానకపోతే ఊరొదిలీ. ఈ పంతులమ్మ సంగతి కూడా బడి ప్రెసిడెంటుకి సెప్తాం. దెయ్యాల రాతలు నేర్సుకున్న మనిసి మా గుంటలకి సదువేటి సెప్తాది?"

నా ఉద్యోగం మీద మా ఇంట్లో ఆరుగురం బతుకుతున్నాం. పలకిచ్చేద్దాం మామ్మగారూ అని నోటిదాకా వచ్చింది. సిగ్గుపడి చెబుతున్నాను, నిజంగానే వచ్చింది.

మామ్మ లేవలేదు. "పిల్లడికెన్నాళ్ళైందే అప్పలనర్సా జ్వరం?" అని అడిగింది.

"నీకు తెలీదేటి! నువ్వే కదా సేసేవు!" అని అప్పలనర్సమ్మ గొల్లుమంది.

"పలకెందుకు నాయుడూ మీకు? ఊరికే చెక్కముక్క. మీరు భయపడతన్నది ఈ నీళ్ళకి కదా," అంటూ మామ్మ పళ్ళెం ముందుకి లాక్కుంది. ఆ రోజు పాఠం ఇంకా పలక మీదే ఉంది. చెంబుతో నీళ్ళు పోసి, అరచేత్తో రుద్ది, అక్షరాలన్నీ పళ్ళెంలోకి కడిగింది. నీళ్ళు నల్లగా అయ్యాయి. రెండు చేతులా పళ్ళెం ఎత్తి గడగడా తాగేసింది.

ఆవిడ పెదాలు నల్లబడ్డాయి, గడ్డం మీద నుంచి తెల్లచీర మీదికి నల్లచారలు కారాయి. పళ్ళెం బోర్లించి నేలకేసి కొట్టింది.

"చూసేరా అందరూ? దీన్లో చిల్లంగుంటే రేప్పొద్దున్నకి నేనుండను, మీ పీడా ఒదిలిపోతుంది. ఉన్నాననుకో, ఇదే అరుగు మీద ఇదే పలకట్టుకుని కూచుంటాను. ఇన్నాళ్ళూ లోపల కూచుని చెప్పేను, అదే నా తప్పు. రేపట్నించి వీధిలోనే చెప్తాను. మీరంతా వచ్చి చూడాలి మరి, రాకపోతే ఒప్పుకోను. ఒసే అప్పలనర్సా, ఏడుపాపి పిల్లణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళు. అది చలిజ్వరం. దానికి మాత్రలున్నాయి."

"ముసల్దానికి మతి పోయింది," అని పెద్దినాయుడు కర్ర పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు.

నేను నా గదిలోంచి నా గ్లాసుతో, నా కుండలో నీళ్ళు తెచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయాను. తాగుతుందో లేదో.

"నిలబడ్డావేటే? ఇలా తే. కడుపులోకి ఇంత మసి పోయేక ఇంకా మడేటి?" అని గ్లాసు లాక్కుంది. ఆ పూట నుంచి వంటింటి గడప సంగతి ఎత్తలేదు. ఆవకాయ జాడీ మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఆ రాత్రి ఆవిడ కడుపునొప్పితో నానా అవస్థా పడింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి, పాలవాడింకా రాకముందే, పలక ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వీధిలో ఒక్కొక్క తలుపూ తెరుచుకోవడం, ఆవిణ్ణి చూసి మళ్ళీ మూసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అప్పలనర్సమ్మ మనవడికి ఆస్పత్రి మాత్రలతో వారానికి తగ్గింది. ఆవిడ వచ్చి క్షమించమని అడగలేదు. కానీ మా పాఠం వేళకి ఎదురరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది.

పాఠాలు ఒక పాతపుస్తకం లోంచి చెప్పేది మామ్మ. వాళ్ళ నాన్న చేత్తో రాసిన పుస్తకం. ఆయన జమీందారీ కచేరీలో మున్షీ, పారసీ కాగితాలు చదవడం ఆయన ఉద్యోగం. కూతురి కోసం ఇరవై పాఠాలు రాశాడు. మొదటి పదకొండింటికీ కింద తెలుగు అర్థం ఉంది. పన్నెండు నుంచి లేదు, ఒట్టి పారసీయే. ఆఖర్న నాలుగు పుటల మాటల పట్టీ. పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని మామ్మ నోటికి చెప్పేది, నేను రాసేదాన్ని.

పదకొండో పాఠం మొదలై నెల దాటింది. రోజూ అదే పాఠం. పన్నెండోది చెప్పమంటే రేపనేది, అమావాస్య వెళ్ళనీ అనేది, నీ బే ఇంకా వంకరగా ఉందనేది. నేను పంతులమ్మని. పాఠం రాని పిల్ల వేసే వేషాలు నాకు తెలుసు.

"మామ్మగారూ, మీకు పన్నెండోది రాదు కదండీ?" అన్నాను.

ఆవిడ పలక తుడిచి పక్కన పెట్టింది. "రాదు," అంది.

ఊరంతా మహా పండితురాలనో, మంత్రగత్తెనో అనుకుంటున్న మనిషికి వచ్చింది పదకొండు పాఠాలు. అదీ ఒక్క మాటలో ఒప్పేసుకుంది.

"పదమూడేళ్ళు నాకు. రోజుకింత చొప్పున మా నాన్న చెప్తన్నాడు. ఇంకా తొమ్మిది పాఠాలున్నాయి, కాపరానికి ఏడాది టైముంది కదా అనుకున్నాడు. ఈలోగా మా అత్తగారికి ఒంట్లో బాగులేదని, చాకిరీకి మనిషి కావాలని ముందే పట్టుకుపోయేరు. అక్కడ ఉత్తరం రాయాలంటే మా మామగారే రాసేవాడు. 'మీ కుమార్తె ఇక్కడ సుఖముగా ఉన్నది' అని. నేను ఎదర నిలబడి చూడ్డవే. మూడు నెలలకి మా నాన్న నన్ను చూడ్డానికొచ్చేడు. ఈ పుస్తకం రుమాల్లో చుట్టి చంకలో పెట్టుకొచ్చేడు. ఆ రాతలు మా గడప లోపలికి రావడానికి వీల్లేదంది మా అత్త. అందరి ముందరా మా నాన్న నన్నొకటే అడిగేడు. 'పాఠాలు జ్ఞాపకం ఉన్నాయా అమ్మా?' అని. 'పదకొండూ ఉన్నాయి నాన్నా,' అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. మొహం అటు తిప్పేసుకుని, పుస్తకం మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేడు. ఆ తరవాత నన్ను పంపలేదు, ఆయన్ని రానివ్వలేదు. మూడో ఏడు పోయేడు."

"తరవాత?"

"తరవాతేటి, చాకిరీ. మా ఆయన పోయేక ఒక్కపూటైనా అక్కడుండలేదు. ఇక్కడికొచ్చేను. అన్నయ్యవాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయి ఇల్లు తాళమేసుంది. అటక మీద వెతికితే పుస్తకం దొరికింది. అప్పటికి నా కళ్ళు పోయేయి. పలక మీద పెద్దక్షరాలు కనిపిస్తాయి గానీ ఆయన సన్నక్షరాలు కనిపించవు. అందుకే నీ కళ్ళడిగేను ఆ రోజు. మా నాన్న ఆ తొమ్మిది పాఠాల్లో ఏటి రాసేడో నాకు తెలియాలే. తెలియకుండా చావను."

అనకాపల్లిలో మసీదు మౌల్వీగారికి చూపిస్తే ఒక్క పూటలో చదివేస్తారని సలహా ఇచ్చాను. ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. "మా నాన్న నాకు రాసింది మధ్యలో ఇంకోడెందుకు చదవాలి? నీకు చేతనైతే నేర్చుకుని చదువు. లేకపోతే పెట్టె సర్దుకో," అంది.

అప్పటి నుంచి తలకిందులైంది మా బడి. నేను పాఠం చెప్పేదాన్ని, ఆవిడ నేర్చుకునేది. ఆఖరి పుటల మాటల పట్టీలో ఒక్కో మాటా వెతికి, అర్థం రాసుకుని, కూడబలుక్కుని చదివేదాన్ని. వాక్యం చదువుతుంటే ఆవిడకి వాళ్ళ నాన్న గొంతు గుర్తొచ్చేది, పలుకు సరిచేసేది. పాఠానికి నెల పట్టేది ఒక్కోసారి. పన్నెండులో రేపటి సంగతులు చెప్పడం. పదిహేనులో ప్రశ్నలు. పదిహేడులో లేదు, కాదు అనడం. పంతొమ్మిదిలో రా, వెళ్ళు, తీసుకురా అని చెప్పడం. మంచి పద్ధతి ప్రకారం రాశాడు ఆయన. మా ట్రైనింగు స్కూల్లో మాకు చెప్పింది కూడా అదే, తేలికది ముందు, కష్టమైనది వెనక.

ఇరవయ్యో పాఠానికి వచ్చేసరికి మరుసటి ఆషాఢమైంది. ఆదివారం, చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పైన పేరు చదివాను. నామా ఎ దుఖ్తర్ బ పిదర్. కూతురు తండ్రికి రాసే ఉత్తరం.

కింద రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి, ఇక్కడ నేను సుఖంగా ఉన్నాను, బెంగ పెట్టుకోకు అని. దాని కింద గీత గీసి రెండోది.

"ఈన్‌జా ఖుష్ నీస్తమ్. బియా. మరా బిబర్."

"అర్థం చెప్పు," అంది మామ్మ.

"ఇక్కడ నేను సుఖంగా లేను. రా. నన్ను తీసుకెళ్ళు."

"ఇంకోసారి చదువు."

మూడుసార్లు చదివించుకుంది. అత్తవారింట్లో ఎవరూ చదవలేని భాష కూతురికి ఎందుకు నేర్పాడో అప్పుడు తెలిసింది మాకిద్దరికీ. పాఠాలు జ్ఞాపకం ఉన్నాయా అని ఆయన అందరి ముందూ అడిగింది ఎందుకో, పదకొండూ ఉన్నాయంటే మొహం ఎందుకు తిప్పుకున్నాడో కూడా తెలిసింది. నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. లేచి నిలబడింది. గోడకి, స్తంభానికి, ఎవరికో తెలియదు, వేలెత్తి అరిచింది.

"మొదటి పాఠంలో పెట్టాల్సింది కదయ్యా ఇది! వరసేటి నీ మొహం వరస! గుర్రం పరిగెత్తింది, పావురం ఎగిరింది! నాకు గుర్రమెందుకు, పావురమెందుకు? 'బియా' ఒక్క ముక్క ముందు చెప్తే నీ సొమ్మేం పోయింది? ఆ ఒక్క ముక్క బొగ్గుతో ఏ గోడ మీదో రాసుందును కదా! ముప్పయ్యేళ్ళు! ముప్పయ్యేళ్ళు నాన్నా!"

ఎదురరుగు మీద అప్పలనర్సమ్మ చేటతో లేచి నిలబడిపోయింది. వీధిలో పోతున్న ఎడ్లబండి ఆగింది. మామ్మ ఎవర్నీ లక్ష్యపెట్టలేదు. అరిచినంతసేపు అరిచి, కూర్చుని, "పలక్కి సుద్ద పుయ్యి," అంది నాతో.

పూసి, ఆరబెట్టి ఇచ్చాను. కొత్త కలం తీసి, నడిమివేలితో పట్టుకుని, మొహం పలకకి ఆనించి, కుడి చివర్నించి మొదలుపెట్టింది. మూడు వరసలు రాసింది. ఒక్క మాటకి మాత్రం నా సాయం అడిగింది. చుక్కలన్నీ మళ్ళీ వెనక్కొచ్చి ఒక్కొక్కటీ పెట్టుకుంది. ఆ రోజు పలక కడగలేదు. అరుగు మీద స్తంభానికి ఆనించి, వీధిలోకి తిప్పి నిలబెట్టింది.

అప్పలనర్సమ్మ రోడ్డు దాటి వచ్చింది. "ఏటి మామ్మా, ఇయాల కడగనేదు?"

"ఇది కడిగేది కాదు. మా నాన్నకి ఉత్తరం."

"సచ్చిపోయినోడికి ఉత్తరవేటమ్మా! ఏటి రాసేవేటి?"

"చదవాలనుంటే రేప్పొద్దున్న పలకట్టుకుని రా. అలిఫ్ నించి చెప్తాను."

అప్పలనర్సమ్మ రాలేదు లెండి. ఆ మూడు వరసలూ వీధిలో అందరికీ కనిపిస్తూ, ఒక్కళ్ళకీ తెలియకుండా, వానజల్లుకి కరిగిపోయేదాకా అక్కడే ఉన్నాయి. వాటిలో ఏముందో నాకు తెలుసు. మీకు చెప్పను. ఆ భాష ఎంచుకున్నదే మూడో మనిషి చదవకూడదని.

తర్వాత రెండేళ్ళకి నాకు బదిలీ అయింది. ఆ ఏడే ఆవిడ పోయింది. వాళ్ళన్నయ్య కొడుకు పుస్తకాన్నీ, పలకనీ గుడ్డలో చుట్టి నాకు పంపించాడు. ఆవకాయ జాడీ కూడా పంపించాడు. అందరూ పుస్తకం గురించి అడుగుతారు గానీ, నాకు ఏడుపు ఆగనిది ఆ జాడీ చూసి.

నా బడిలో మాత్రం ఒక మార్పు చేశాను. కొత్తగా చేరిన ఆడపిల్లకి అఆలు మొదలుపెట్టకముందే, మొదటి వారంలోనే, చెయ్యి పట్టుకుని రెండు మాటలు రాయించేదాన్ని. "నాన్నా, రా." అవి చూడకుండా రాయడం వచ్చాకే మిగతా చదువు. ఒక ఇన్‌స్పెక్టరుగారు పలకలు చూసి మండిపడ్డారు. "ఇదేమిటండీ, గుణింతాలే రాని పిల్లలకి ఒత్తులా? వరసా క్రమమూ ఉండక్కర్లేదా? రేపటి నుంచి వర్ణమాల ప్రకారం చెప్పండి," అన్నారు.

"చెప్పనండి," అన్నాను.

నా మీద రిమార్కు రాసుకుని వెళ్ళారు. ప్రతి ఇన్‌స్పెక్షనులోనూ రాశారు. రాసుకోనీ అని ఊరుకున్నాను.

ఒకరోజు బడి విడిచే వేళ ఒక బండి తోలే ఆయన గేటు దగ్గర కార్డు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూతురు రెండో తరగతి దాకా నా దగ్గర చదివి మానేసిన పిల్ల, పెళ్ళై మాడుగుల దగ్గర ఊళ్ళో ఉంది. "అమ్మా, మా గుంట కారట రాసింది. రెండే ముక్కలున్నాయి. బాగున్నానని నేదు, బాగునేనని నేదు. ఏటనుకోవాల?" అంటూ చాపాడు.

కార్డు చూశాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, 'నాన్నా'లో ఒత్తు, 'రా'లో దీర్ఘం సరిగ్గానే ఉన్నాయి.

"ఇంకా నా ముందు నిలబడ్డావేటయ్యా?" అన్నాను. "మాడుగుల బస్సెక్కు."

ఆయన కార్డు నా చేతిలోనే వదిలేసి పరిగెత్తాడు.